కేల్ తిని ఎవరు చచ్చారు?

మేటా హోటల్లో కేల్ వండేది గేషె. మూడేళ్ళుగా ఆమే వండుతోంది, మూడేళ్ళుగా ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఉప్పు చేతి అంచనా మీద వేసేది. రుచి చూడమని మేటా గరిటె అందిస్తే తల పక్కకి తిప్పుకునేది.

"వండినదానివి నువ్వే తినకపోతే, తినేవాళ్ళకి నమ్మకమేంటే?" అని మేటా విసుక్కునేది.

"చావకుండా తింటున్నారుగా అక్కా, చాల్లే," అనేది గేషె.

కేల్ క్యాబేజీకి తోబుట్టువే. కాకపోతే ముద్ద కట్టదు, ముడతలు ముడతలుగా విచ్చుకుని నిలబడుతుంది. ఉత్తర జర్మనీలోని ఈ అమ్మర్‌లాండ్‌లో చలికాలమంటే అదే. మంచు కొట్టాక కోసి, సన్నగా తరిగి, బాతు కొవ్వులో వేసి, పైన పంది మాంసమూ సాసేజులూ పేర్చి మూడు గంటలు సన్నని సెగ మీద ఉడికిస్తారు. ఆ వాసన పరదాలకీ, కోటుకీ, జుట్టుకీ పట్టి వారం దాకా వదలదు. ఫిబ్రవరిలో ఒక శనివారం ఊరంతా పొద్దున్నే చర్చి దగ్గర కలిసి, తోపుడుబండి నిండా సారా సీసాలు పెట్టుకుని, రోడ్డు మీద కొయ్య బంతి దొర్లించుకుంటూ, అరుచుకుంటూ, పడుతూ లేస్తూ మధ్యాహ్నానికి మేటా హోటల్‌కి చేరుకుంటుంది. అక్కడ అందరికంటే ఎక్కువ తిన్నవాడు కేల్ రాజు. వాడి మెడలో పంది దవడ ఎముకని రిబ్బన్ కట్టి వేస్తారు. నవ్వొచ్చే కిరీటమే, కానీ దానికోసం పెద్దమనుషులు బెల్టులు వదులు చేసుకుని మరీ తింటారు.

రెండేళ్ళుగా రాజు ఫోల్కెర్ట్ ఓల్ట్‌మన్. ఊళ్ళో పెద్ద మంద అతనిదే, పెద్ద గొంతూ అతనిదే. గేషె పళ్ళెం తెచ్చి ముందు పెట్టిన ప్రతిసారీ అతను ఒకటే మాట అనేవాడు, టేబుల్ చివరిదాకా వినపడేలా.

"కేల్ తిని ఎవరు చచ్చారు, గేషే?"

టేబుల్ టేబులంతా పగలబడి నవ్వేది. గేషె ఖాళీ పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. వాళ్ళ నవ్వు చచ్చిపోయిన ఆమె మొగుడి మీద. ఆ సంగతి వాళ్ళకి గుర్తు లేకపోవచ్చు. ఆమెకి ఉంది.

డెబ్భై ఆరు వేసవిలో వాన చుక్క పడలేదు. పచ్చిక బయళ్ళు నేలతో సహా మాడిపోయాయి. ఆ యేడు ఎండుగడ్డి ఉన్నవాడే మారాజు, ఫోల్కెర్ట్ కొట్టంలో దూలాల దాకా ఉంది. గేషె మొగుడు హిన్నెర్క్‌కి తొమ్మిది ఆవులు, కాలువ పక్కన మంచి పచ్చిక బయలు. ఫోల్కెర్ట్ కన్ను ఎప్పటినుంచో ఆ బయలు మీదే. ఫిబ్రవరి వచ్చేసరికి హిన్నెర్క్ గడ్డి అయిపోయింది. టోపీ చేత పట్టుకుని పక్కింటి ఫోల్కెర్ట్ దగ్గరికి వెళ్ళాడు. గేషె కూడా వెంట వెళ్ళింది.

"గడ్డి నా మందకే చాలట్లేదురా," అన్నాడు ఫోల్కెర్ట్ గుమ్మంలోనే నిలబడి. "వెనక చేలో పశువుల కేల్ ఉంది చూడు, మనిషెత్తు కాడలు. అదంతా నీదే. ఊరికే తీస్కో. మందని తోలెయ్, పొద్దస్తమానం మేయనీ."

"అది పూతకొచ్చినట్టుందే. మంచు కూడా కొట్టింది," అని హిన్నెర్క్ నసిగాడు. "పక్కన పిడికెడు గడ్డైనా లేకుండా, వట్టి కేలేనా?"

"కేల్ ఉండగా గడ్డెందుకురా పిచ్చోడా! పాలు ఇంకా దండిగా ఇస్తాయి. నా మాట విను."

హిన్నెర్క్ ఎవరి మాటైనా వినేవాడు. ఆ మనిషిలో ఉన్న లోపమల్లా అదే. ఇంటికొచ్చే దారిలో, "చూశావా, ఊరికే అంటారు గానీ మంచోడే," అని కూడా అన్నాడు.

పన్నెండో రోజు మొదటి ఆవు ఉచ్చ ఎర్రగా పోసింది. మర్నాటికి ఆ ఎరుపు కాఫీ రంగులోకి తిరిగింది. చిగుళ్ళు కాగితంలా తెల్లబడ్డాయి. నాలుగు అడుగులు వేస్తే రొప్పుతూ కూలబడేవి. వారంలో ఏడు ఆవులు పోయాయి. అందులో మూడు చూలువి. గేషె ఒక్కొక్కదాని తలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పక్కన బకెట్ పెట్టుకుని. ఆ రంగు ఆమె ఈ జన్మలో మరిచిపోదు.

అప్పటి పశువుల డాక్టరు ముసలాయన. వచ్చి, చూసి, పిడుదుల జ్వరం అని రాసిచ్చి పోయాడు. పిడుదులంటే శుభ్రం లేనట్టు, శుభ్రం లేకపోతే రైతు సోమరి అయినట్టు. ఊరు ఆ మాట పట్టుకుంది. పాపం ఫోల్కెర్ట్ చేనంతా ఊరికే ఇచ్చాడు, ఏం లాభం, హిన్నెర్క్‌కి మందని చూసుకోవడం చేతకాలేదు అన్నారు. కాలువ పక్క బయలూ, మిగిలిన రెండు ఆవులూ ఫోల్కెర్ట్ చేతికే పోయాయి. హిన్నెర్క్ భోజనానికి కూర్చున్నప్పుడల్లా, "నా చేతులతో చంపుకున్నానే," అని చెంచా కింద పెట్టేసేవాడు. అక్టోబర్లో గుండె ఆగింది.

సమాధి దగ్గర్నుంచి వచ్చి అందరూ కాఫీ తాగుతున్నప్పుడు గేషె ఇక ఉండబట్టలేక అనేసింది. పిడుదులు కాదు, ఆ కేలే చంపిందని. ఫోల్కెర్ట్ చేతిలో కేకు ముక్క ఉంది.

"కేల్ తిని ఎవరు చచ్చారు, గేషే?" అన్నాడు. "తరాలుగా ఊరంతా తింటున్నాం!"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకెవరో. చావింట్లో, శవం పూడ్చిన గంటకి, నలభై మంది నవ్వారు. ఆ రోజు గేషె మనసులో ఒక్కటే గట్టిపడింది. హిన్నెర్క్ తప్పు లేదన్న మాట ఆ నోటినుంచే రావాలి, ఆ నలభై మంది ముందే రావాలి. అప్పటిదాకా తను చావకూడదు.

పోయిన శరదృతువులో ఊరికి కొత్త పశువుల డాక్టరు వచ్చింది. టామెన్ అని, చిన్నపిల్ల. పెద్ద చేతులు, ఎప్పుడూ బురద బూట్లు. మధ్యాహ్నం పూట వంటింటి బల్ల దగ్గరే కూర్చుని సూపు తాగేది. ఒకరోజు గేషె కేల్ తరుగుతూ, తన ఆవుల సంగతి చెప్పింది.

డాక్టరమ్మ చెంచా కింద పెట్టేసింది. "ఫిబ్రవరిలో పిడుదులా? మంచులో పిడుదులెక్కడివి పిన్నీ! ఏం మేశాయి అవి?"

గేషె చెప్పింది.

"పూతకొచ్చిన కేలా? మంచు కొట్టాక? గడ్డి లేకుండానా? అయ్యయ్యో." డాక్టరమ్మ బల్ల మీద నుంచి ఒక ఆకు తీసి నలిపి గేషె ముక్కు దగ్గర పెట్టింది. "ఈ ఘాటు ఏంటనుకున్నారు? గంధకం. ఈ జాతి మొక్కలన్నిట్లో అది రకరకాలుగా దాక్కుని ఉంటుంది. నలిపితే ఒక రకం విడిపోయి ముక్కు చురుక్కుమంటుంది. ఉడికిస్తే విడిపోయి ఇదిగో, ఈ కంపు. మనకేం కాదు. మహా అయితే కడుపుబ్బరం. మెడ దగ్గర గడ్డ ఉన్నవాళ్ళని మాత్రం పచ్చిది ఎక్కువ తినొద్దంటాం. ఆవు సంగతి వేరు. దాని పెద్ద పొట్ట నిండా సూక్ష్మజీవులు. అవి ఇందులోని ఇంకో గంధకపు సరుకుని విరగ్గొడతాయి. అలా పుట్టింది నెత్తురులోకి ఎక్కి ఎర్ర కణాల్ని పగలగొడుతుంది. పగిలిన ఎరుపంతా కిందనుంచి పోతుంది. ఆ సరుకేదో ఈమధ్యనే తేల్చారు, నేను చదువుకునేటప్పుడు. మంచు కొట్టాక, పూత వచ్చాక మరీ ఎక్కువ. ముందు కడుపునిండా గడ్డి వేసి, తర్వాత కాసేపు మేపితే ఏ గొడవా లేదు."

గేషె కత్తి ఆగిపోయింది. "మా ఆయనకి తెలిసుండాల్సిందా?"

"చాలామందికి తెలీదు పిన్నీ. కానీ ఒక్కసారి కళ్ళారా చూసినవాడు మాత్రం చచ్చేదాకా మరిచిపోడు."

మర్నాడు సైకిల్ మీద హోటల్‌కి వస్తూ గేషె కాలువ దగ్గర దిగింది. అంతకుముందు అటు తల తిప్పి కూడా చూసేది కాదు. తన పచ్చిక బయలు ఇప్పుడు లేదు. ఫోల్కెర్ట్ దాన్ని దున్నించి పశువుల కేల్ వేశాడు. అతని అల్లుడు డీర్క్ కరెంటు తీగని మూరెడు ముందుకి జరుపుతున్నాడు. మంద ఇంకా కొట్టం దగ్గరే ఎండుగడ్డి నములుతోంది. చర్చి గంట తొమ్మిది కొట్టాకే చేలోకి తోలారు. పదకొండు కొట్టగానే ఇంకా మేస్తున్నవాటిని మేస్తున్నట్టే వెనక్కి తోలుకుపోయారు. ఎక్కడైనా పూత కాడ తల ఎత్తితే ఫోల్కెర్ట్ స్వయంగా కోసి కాలువలోకి విసిరాడు. "ముందు గడ్డిరా! ఎన్నిసార్లు చెప్పాలి, ముందు గడ్డి!" అని అల్లుడి మీద అరవడం రోడ్డు దాకా వినబడింది.

ఆమె ఆ చలికాలమంతా చూసింది. ఒక్కరోజు కూడా లెక్క తప్పలేదు. అంటే తెలుసు. గుమ్మంలో నిలబడి "గడ్డెందుకురా పిచ్చోడా" అన్ననాడు కూడా తెలిసే ఉంటుంది. గేషెకి ఒళ్ళంతా మంటపెట్టినట్టయింది. అయితే తెలుసని తనకి తెలిస్తే సరిపోదు. వెళ్ళి అడిగితే మళ్ళీ అదే నవ్వు నవ్వుతాడు.

ఫిబ్రవరి మొదట్లో ఫోల్కెర్ట్ కీళ్ళ నొప్పులకని వేడినీళ్ళ ఊరికి పది రోజులు వెళ్ళాడు. మందని అల్లుడికి అప్పగించాడు. రెండో రోజు తెల్లవారుజామున గేషె కాలువ గట్టు మీద నిలబడి ఉంది, కోటు జేబులో పట్టకారుతో. మంద ఇంకా చేరని చేను అవతలి చివర పూతకొచ్చిన కాడలు మనిషెత్తున ఉన్నాయి. దొడ్డి తీగ ఒకటి, చేను తీగ ఒకటి, రెండూ తెగ్గొడితే చాలు. గడ్డి తినని మంద, ఆకలి మంద, అటే పోతుంది. డీర్క్ కొత్తవాడు, తప్పు తనది కాదని చెప్పుకోలేడు. రోజూ ఇలాగే చేస్తే పన్నెండో రోజుకి పెద్దమనిషికి బకెట్ పట్టుకునే పని పడుతుంది. ఎంత తీయగా ఉందా ఊహ! ఆమె పట్టకారు బయటికి తీసింది కూడా.

అప్పుడొక ఆవు మందలోంచి విడివడి తీగ దాకా వచ్చింది. నుదుటి మీద తెల్లమచ్చ, ఎడమ కొమ్ము వంకర. లీజ. బతికిన రెండింటిలో ఒకటి. మెడ చాచి గేషె చేతిని గరగరమని నాకింది.

"నీకేం తెలుసే, వెధవ మొహమా," అంది గేషె. పగ ఫోల్కెర్ట్ మీద. దీని మీద కాదు. ఈ మంద రక్తం పోసుకుంటే తనకీ వాడికీ తేడా ఏముంటుంది? పట్టకారు జేబులో వేసుకుని, చాలాసేపు ఆ నుదురు రుద్దుతూ నిలబడింది. తిరిగి సైకిల్ ఎక్కేసరికి ఆమెకి ఏం చెయ్యాలో తెలిసిపోయింది.

కేల్ శనివారం నాటికి ఫోల్కెర్ట్ ఊరికి వచ్చేశాడు. ముందురోజు సాయంత్రమే దిగాడు, పొద్దున్నే బంతి దొర్లించడానికి పోయాడు, మంద మొహం చూడనే లేదు. గేషె ఊరగాయకని ఉడికించిన బీట్‌రూట్ నీళ్ళు ఒక గాజు జాడీలోకి వంపింది. వెలుగుకి పెట్టి చూసింది. మరీ ముచ్చటగా ఉంది. నల్ల కాఫీ నాలుగు చెంచాలు కలిపింది. ఇంకో రెండు. ఆ రంగు వచ్చింది. జాడీని పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి, మూడు గంటల పాటు కేల్ కలుపుతూ కూర్చుంది.

మధ్యాహ్నం రెండింటికి హాలు నిండిపోయింది. అద్దాలకి ఆవిరి, నేలంతా బురద, ఉప్పు డబ్బా టేబుల్ మీద చేతులు మారుతోంది. మూడింటికల్లా పోటీలో ముగ్గురు మిగిలారు, మూడున్నరకి ఫోల్కెర్ట్ ఒక్కడే. మేటా పంది దవడ ఎముకని అతని మెడలో వేసింది. అందరూ బల్లలు చరిచారు. అతను కుర్చీలో వెనక్కి వాలి, ఇంకో పళ్ళెం తెస్తున్న గేషెని చూశాడు.

"ఏమ్మా గేషే! కేల్ తిని ఎవరు..."

గేషె పళ్ళెం తేలేదు. జాడీని అతని ముందు పెట్టింది.

"మీ లీజ పోసింది ఇది," అంది. "ఇందాక కాలువ దాకా వెళ్ళి పట్టుకొచ్చాను. ఇంకా వెచ్చగానే ఉంది, చూడు."

ఫోల్కెర్ట్ మొహంలో రంగు దిగిపోయింది. జాడీ ఎత్తి వెలుగుకి పెట్టాడు. వాసన చూడాలన్నా కుదరదు, ఆ హాల్లో కేల్ కంపు తప్ప ఇంకేదీ ముక్కుకి తెలీదు.

"పిడుదులేమో, ఫోల్కెర్ట్?" అంది గేషె మెల్లిగా.

"పిడుదులేంటి నీ బొంద! మంచులో పిడుదులా?" కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. దవడ ఎముక బల్లకి కొట్టుకుంది. "డీర్క్! ఒరేయ్ డీర్క్! గడ్డి వెయ్యకుండా తోలావు కదరా? పూత కాడలు మేపావు కదరా? దరిద్రుడా, కేల్ రా అది! నెత్తురు విరిగిపోయిందిరా! పరిగెత్తు, మందని వెనక్కి తోలు, గడ్డి వెయ్! ముప్ఫై ఎనిమిదిలో మా నాన్న మంద కళ్ళ ముందే ఇలాగే పోయింది, అయిదు ఆవులు, ఇదే రంగు, ఇదే..."

అక్కడ ఆగాడు. తన మాట తనకే వినబడినట్టుంది.

డీర్క్ నోట్లో సాసేజు ముక్కతో లేచి నిలబడ్డాడు. "నేను గడ్డి వేశాను మామా, ఒట్టు! నువ్వు మొదటిరోజే చెప్పావుగా, గడ్డి లేకుండా కేల్‌లోకి తోలితే రక్తం పోసి చస్తాయని. ఒక్కరోజు కూడా తప్పలేదు!"

హాల్లో ఉన్నది ఆనాటి చావింటివాళ్ళే. నలభై మంది. గేషె ఒక్కొక్కరినీ చూసింది, తొందరేం లేదు ఆమెకి.

"ముప్ఫై ఎనిమిది నుంచీ తెలుసు నీకు," అంది. "మా ఆయన నీ గుమ్మంలో టోపీ పట్టుకుని నిలబడి అడిగాడు, వట్టి కేలేనా అని. పూతకొచ్చింది, మంచు కొట్టింది అన్నాడు. నువ్వేమన్నావు? వీళ్ళందరికీ చెప్పు."

ఫోల్కెర్ట్ జాడీ వంక చూస్తున్నాడు. "గేషే, ముందు మందని..."

"చెప్పు. ఆవుల్ని తర్వాత చూద్దాం. మావి ఏడు పోయాయి, నాకేం తొందర లేదు."

"గడ్డెందుకన్నాను." గొంతు అతనిది కాదు. "గడ్డెందుకు, కేల్ ఉండగా అన్నాను. ఆ బయలు... ఒకటో రెండో పోతే అమ్ముతాడనుకున్నా. ఏడు పోతాయనుకోలేదు."

"హిన్నెర్క్ తప్పుందా?"

"లేదు."

"గట్టిగా. ప్రతిసారీ ఎంత గట్టిగా అంటావో అంత గట్టిగా."

"లేదు! హిన్నెర్క్ తప్పు లేదు! చాలా?"

గేషె జాడీని అతని చేతిలోంచి తీసుకుంది. మూత తీసి, అందరూ చూస్తుండగా రెండు గుక్కలు తాగింది. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది.

"బీట్‌రూట్ నీళ్ళు," అంది గేషె మూతి తుడుచుకుని. "కాఫీ కాస్త ఎక్కువైంది. నీ మందకి ఏ రోగమూ లేదు, ఫోల్కెర్ట్. మీ అల్లుడు బంగారం, గడ్డి వేసే తోలాడు. నా లీజ కూడా బాగుంది. ఇప్పుడడుగు. కేల్ తిని ఎవరు చచ్చారు?"

అతను ఎర్రబడ్డాడు, తెల్లబడ్డాడు, నవ్వబోయాడు. అతనితోపాటు ఎవరూ నవ్వలేదు. మేటా వెళ్ళి అతని మెడలోని రిబ్బన్ ముడి విప్పి, దవడ ఎముకని చంకలో పెట్టుకుంది. ఫోల్కెర్ట్ కోటు వేసుకుంటుంటే సాయం పట్టడానికి డీర్క్ కూడా లేవలేదు. తలుపు తెరుచుకుని చల్లగాలి వచ్చి, మళ్ళీ మూసుకుంది. రేపటినుంచి అతను ఏ ఇంటి గుమ్మం ఎక్కినా ముందు గుర్తొచ్చేది ఆ జాడీయే. గేషెకి అది చాలా సంతోషంగా ఉంది. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆమె ఏప్రన్ విప్పి కుర్చీ వీపుకి వేసింది. వెళ్ళి, పడిపోయిన ఫోల్కెర్ట్ కుర్చీని లేపి, అందులోనే కూర్చుంది. చావింట్లో నవ్వినవాళ్ళు అటూ ఇటూ ఉన్నారు, పళ్ళేలలోకి చూసుకుంటూ.

"అక్కా, నాకో పళ్ళెం పెట్టు," అంది.

మేటా పెట్టింది. పైన పెద్ద సాసేజు వేసి పెట్టింది. గేషె ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మూడేళ్ళ తర్వాత. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మళ్ళీ నుదురు ముడిపడింది. ఇంకో ముద్ద తిని, టేబుల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఇందులో ఉప్పే లేదు," అంది. "మూడేళ్ళుగా ఇదే తింటున్నారా? ఒక్కడికీ నోరు లేదా?"

పక్కనున్న ముసలాయన, ఆ రోజు మొదట కిసుక్కుమన్నవాడు, ఉప్పు డబ్బాని మెల్లిగా ఆమె వైపు జరిపాడు.